వాళ్ల కాపురాలూ చెడనివ్వండి

తెలుగు వారపత్రికల, మాసపత్రికల సంపాదకులకు, నవలల పోటీలు నడిపేవారికి, ప్రచురణకర్తలకు



ఏటా సంక్రాంతికో, ఉగాదికో, దీపావళికో మీలో చాలామంది కథల పోటీలు, నవలల పోటీలు ప్రకటిస్తారు. బహుమతి ఎంతో చూసి పేజీ తిప్పేయకుండా కింద చిన్నక్షరాల్లో వేసే నిబంధనలు కూడా చదివే అలవాటు నాకుంది. ఆ ఏడాది రాబోయే రచనలు సగం అక్కడే ఖాయమైపోతాయి. రచన సొంతమని హామీపత్రం జతచేయాలి, అనువాదాలు పనికిరావు, రచయిత ఫొటో, పూర్తి చిరునామా పంపాలి. వీటి మధ్య ఒక వాక్యం తరచుగా తగులుతుంది: సమాజానికి మంచి సందేశం ఇచ్చే ఇతివృత్తాలకు ప్రాధాన్యం. ఆ వాక్యం దగ్గర ఆగిపోతున్న ఒక రకం నవలిక గురించి మీతో మాట్లాడాలనిపించింది. ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో కలిసి కాపురం చేస్తుంటారు. ఆ కాపురం చెడుతుంది. ఎలా చెడుతోందో చెప్పడానికి రచయిత సైన్స్ ఫిక్షన్‌నూ హారర్‌నూ వాడుకుంటాడు. ఇంగ్లీషులో ఈ పదేళ్లలో ఇలాంటి పుస్తకాలు వరసగా వస్తున్నాయి. మన దగ్గర ఇలాంటివి అచ్చులోకి రావడం లేదు.

ఇదేదో దయ్యాల కథలకు రంగు మార్చిన వ్యవహారం అనుకుంటారేమో, ఒక పుస్తకాన్ని కాస్త తీరిగ్గా చెబుతాను.

బ్రిటిష్ రచయిత్రి జూలియా ఆర్మ్‌ఫీల్డ్ 2022లో ప్రచురించిన చిన్న నవల ‘అవర్ వైవ్స్ అండర్ ద సీ’. మీరీ, లియా భార్యాభార్యలు. లియా సముద్రజీవ శాస్త్రవేత్త. మూడు వారాల పరిశోధన అని చెప్పి జలాంతర్గామిలో వెళ్లి ఆరు నెలలకు తిరిగి వస్తుంది. వచ్చాక గంటల తరబడి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని తొట్టెలో పడుకుంటుంది. ఉప్పు కలుపుకుని నీళ్లు తాగుతుంది. తిండి తగ్గిపోతుంది, మాట తగ్గిపోతుంది, ఒంటి రంగు మారిపోతుంది. పై వాటాలో ఎవరో పెట్టిన టీవీ మోత ఇరవై నాలుగ్గంటలూ వినిపిస్తూనే ఉంటుంది. లియాను సముద్రంలోకి పంపిన సంస్థకు మీరీ ఫోన్ చేస్తూ ఉంటుంది. అవతల లైన్లో పాట వస్తుంది, ఎవరో ఒకరు ఎత్తుతారు, ఇంకెవరికో కలుపుతారు, లైను తెగిపోతుంది. అధ్యాయాలు ఒకటి మీరీ చెప్పేది, ఒకటి లియా చెప్పేది. లియా చెప్పేదంతా సముద్రం అడుగున చెడిపోయిన జలాంతర్గామిలో మరో ఇద్దరితో గడిపిన చీకటి. పుస్తకం భాగాలకు సముద్రపు పొరల పేర్లే పెట్టింది రచయిత్రి. వెలుతురు పడే పైపొరతో మొదలుపెట్టి, అగాధాల్లోని అట్టడుగు పొర దాకా దించుతుంది.

ఇందులో నన్ను భయపెట్టింది లియా శరీరానికి జరిగేది కాదు, మీరీ మనసులో జరిగేది. ఆమె సతీ సావిత్రి కాదు. విసుక్కుంటుంది, అరుస్తుంది, పక్క గదిలో పడుకుంటుంది. ఎదురుగా బతికే ఉన్న మనిషికి లోపల్లోపల కర్మకాండ మొదలుపెట్టేస్తుంది. పక్షవాతం వచ్చిన భర్తకు ఏళ్ల తరబడి చాకిరీ చేసిన ఆడవాళ్లను అడగండి, డిప్రెషన్‌లో కూరుకుపోయిన భార్యతో ఒకే కప్పు కింద ఉన్న మగవాళ్లను అడగండి. నిజం చెప్పే ధైర్యం ఉంటే వాళ్లందరూ మీరీని గుర్తుపడతారు. మన నవలల్లో అలాంటి భార్య రెండు వారాలు కన్నీళ్లు పెట్టి మూడో వారానికి దేవత అయిపోతుంది. ఆర్మ్‌ఫీల్డ్ ఆ దేవతను రానివ్వలేదు. వాళ్లిద్దరూ ఆడవాళ్లు కదా అన్న చర్చకు ఆమె పుస్తకంలో చోటే లేదు. ఇంగ్లండులో 2014 నుంచి అలాంటి పెళ్లి చట్టబద్ధం కాబట్టి ‘మా భార్యలు’ అని అట్ట మీదే వేసుకుని నేరుగా కాపురంలోకి దిగిపోయింది.

లోపాలు లేవనను. ఆ సంస్థ ఏమిటో, వాళ్లను అక్కడికి ఎందుకు దింపిందో రచయిత్రి చివరిదాకా విప్పదు. ముడి విప్పితేగాని తృప్తిపడని పాఠకులకు ఒళ్లు మండుతుంది. నాకూ మధ్యలో మండింది. కాకపోతే, మనిషి ఎందుకు మారిపోయిందో తెలియకపోవడమే ఆ ఇంట్లో జరుగుతున్న అసలు కథ కదా అని తర్వాత సర్దుకున్నాను.

మన ఆలంకారికుల లెక్కలో ఇదంతా తప్పు. శృంగారానికి బీభత్సమూ భయానకమూ విరోధి రసాలని వాళ్లు జాబితాలు రాసి పెట్టారు. ప్రేమించిన చర్మం ఊడి వస్తుంటే చూస్తూ కూర్చున్న మనిషి రతిభావం ఏమవుతుందో వాళ్లు ఆలోచించి ఉండరు. ఆలోచించినా కావ్యంలో వద్దనుకుని ఉంటారు. ఆ రెండు రసాలూ ఒకే గదిలో పడకేసే ఇళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నాయి.

ఇంకొకటి, దీనికి పూర్తిగా వేరే దారి. అమెరికన్ రచయిత్రి కెయిట్లిన్ స్టార్లింగ్ 2019లో రాసిన ‘ద లూమినస్ డెడ్’. పెద్ద నవలే అయినా ఇందులో పాత్రలు దాదాపు ఇద్దరే. ఒక పరాయి గ్రహం మీద గైర్ అనే యువతి ఒంటరిగా ఒక గుహలోకి దిగుతుంది. తల నుంచి కాలి దాకా మూసేసిన సూటు. తిండి కూడా గొట్టం గుండా నేరుగా కడుపులోకే. పైన ఎక్కడో కూర్చుని ఎమ్ అనే ఆవిడ ఆ సూటును నడిపిస్తుంటుంది. గైర్ చెవిలో వినబడే ఒకే ఒక గొంతు ఆమెది. గైర్ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఎమ్‌కు తెలుసు. సూటును అక్కడికక్కడ బిగించేయగలదు. గైర్‌ను అడక్కుండానే ఆమె ఒంట్లోకి మందు ఎక్కించగలదు. గైర్ దొంగ అర్హతలు చూపించి ఈ పనికి ఒప్పుకుంది, ఆ డబ్బుతో గ్రహం దాటి, తనను చిన్నప్పుడే వదిలిపోయిన తల్లిని వెతకాలని. ఇంతకుముందు దిగినవాళ్లలో ఎందరు చచ్చారో, అయినా ఇంకా ఎందుకు దింపుతోందో ఎమ్ దాచింది. ఈ అబద్ధాల మీదే ఇద్దరి మధ్య ఏదో మొలుస్తుంది. దాన్ని ప్రేమనాలో, దిక్కులేనితనం అనాలో పుస్తకం సగం దాటినా తేల్చుకోలేం.

“ఎక్కడున్నావ్, ఫోన్ ఎందుకు ఎత్తలేదు, లొకేషన్ పంపు, నీ మంచికే అడుగుతున్నా” అనే ప్రేమను మనం రోజూ చూస్తున్నాం. దాన్ని మామూలు కథగా రాస్తే పాఠకుడు రెండో పేజీలోనే ఒకరిని దుర్మార్గుల ఖాతాలో వేసి నిశ్చింతగా కూర్చుంటాడు. స్టార్లింగ్ సూటు ఆ అవకాశం ఇవ్వదు. ప్రాణం నిలబెట్టే గొట్టమూ మెడకు బిగిసే తాడూ అక్కడ ఒకటే. ఎమ్ చెయ్యి తీసేస్తే గైర్ చస్తుంది, తీయకపోతే ఆమె ఒళ్లు ఆమెది కాకుండా పోతుంది. సైన్స్ ఫిక్షన్ ఎందుకు, నేరుగా రాయొచ్చు కదా అని అడిగే సంపాదకులకు నా జవాబు ఈ సూటే. నాకు నచ్చనిది ముగింపు. రచయిత్రి చివర్లో ఆ ఇద్దరి మీదా జాలిపడింది. ఆ బంధానికి అంత ఆశ ఇవ్వాల్సింది కాదని నా అభిప్రాయం. ఒప్పుకోని పాఠకులు చాలామంది ఉంటారు.

మిగతావాటిని ఇంతగా చెప్పను. ఎరిక్ లరాకా 2021లో రాసిన ‘థింగ్స్ హావ్ గాటెన్ వర్స్ సిన్స్ వి లాస్ట్ స్పోక్’ అనే నవలిక మొత్తం ఇద్దరు ఆడవాళ్లు 2000 సంవత్సరంలో రాసుకున్న ఈమెయిళ్లు, చాట్‌లు. అద్దె కట్టుకోలేని ఒకామె ఇంట్లో ఉన్న పాతకాలపు యాపిల్ తొక్క తీసే యంత్రాన్ని అమ్మకానికి పెడుతుంది, అక్కడ మొదలవుతుంది పరిచయం. ఒంటరితనం ఎంత సులువుగా బానిసత్వానికి సంతకం పెడుతుందో మొదటి సగంలో అద్భుతంగా చూపి, రెండో సగంలో పాఠకుడికి కడుపులో తిప్పించాలన్న ఆత్రంలో పడిపోయాడు. హెయిలీ పైపర్ 2020 నాటి ‘ద వర్మ్ అండ్ హిజ్ కింగ్స్’లో న్యూయార్క్ నగరం అడుగున తన ప్రియురాలి కోసం వెతుక్కుంటూ దిగేది ఇల్లూవాకిలీ లేని ఒక ట్రాన్స్ యువతి. ఇదీ నవలికే, ఒక్క పూటలో అయిపోతుంది.

ఇక మీరు తప్పకుండా అడగబోయే ప్రశ్న. లోకం ఎలాగూ వీళ్లను వింతజంతువుల్లా చూస్తోంది, మళ్లీ హారర్‌లో పెట్టడం దేనికి? మంచి ప్రశ్నే, దీనికి చరిత్ర కూడా ఉంది. ఐరిష్ రచయిత షెరిడన్ లె ఫాను 1871-72లో పత్రికలో సీరియల్‌గా రాసిన ‘కార్మిల్లా’లో, ఆడపిల్ల మీద మనసుపడ్డ ఆడమనిషి రక్తం తాగే పిశాచం. ‘డ్రాకులా’ రావడానికి పాతికేళ్ల ముందు మాట ఇది. చివరికి మగవాళ్లు గుంపుగా వచ్చి ఆమె గుండెలో మేకు దింపి తల నరికితే గాని కథ కంచికి వెళ్లదు. మగవాళ్ల మధ్య సంబంధాలను శిక్షించే నిబంధనతో ఇంగ్లండు 1885లో కొత్త చట్టం తెచ్చింది. బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లకు పంటపండించిన చట్టమని దానికి పేరు. పదేళ్ల తర్వాత ఆస్కార్ వైల్డ్‌ను జైలుకు పంపింది అదే. ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1886లో, స్టీవెన్సన్ ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ వెలువడింది. పెద్దమనిషి ఇంట్లోకి వెనక తలుపు గుండా స్వేచ్ఛగా తిరిగే ఒక కుర్రవాణ్ని చూసి, ఆయన స్నేహితులకు మొట్టమొదట తట్టిన అనుమానం బ్లాక్‌మెయిలే. సైన్స్ ఫిక్షన్, హారర్, నవలిక, చెప్పుకోలేని సంబంధం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ సంబంధం పేరు మాత్రం లేదు.

ఆ కథల్లో క్వీర్ మనిషి భూతం, మిగతావాళ్లు మనుషులు. నేను పైన చెప్పిన పుస్తకాల్లో అందరూ మనుషులే. భయం పుట్టేది కోరికలోంచి కాదు. జబ్బులోంచి, అబద్ధంలోంచి, ఒకరి మీద ఒకరికి దొరికిన అధికారంలోంచి పుడుతుంది. కార్మిల్లాకు తన కథ తానే చెప్పుకునే వీలు ఎవరూ ఇవ్వలేదు. మీరీకి ఉంది. అందుకే మీరీ మనకు నచ్చనట్టు ప్రవర్తించగలిగింది కూడా.

మన దగ్గర ఈ విషయం మీద ఏమీ రాలేదని నేననను. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇలాంటి పుస్తకాలు రావాలి, ఇంకా రావాలి. కాని వీటి వల్ల మనకు తెలియకుండానే ఒక అలవాటు పడింది. క్వీర్ మనిషి పేజీ మీదకు వచ్చాడంటే బాధపడాలి, లోకం చేతిలో దెబ్బలు తినాలి, మన కళ్లు తెరిపించాలి. సినిమాల్లో నవ్వుకోవడానికి పనికొచ్చినవాళ్లు సాహిత్యంలో జాలిపడటానికి పనికొస్తున్నారు. నవ్వుకన్నా జాలి మేలే. పొద్దున లేచి పాల ప్యాకెట్ ఎవరు తేవాలని కీచులాడుకుని, సాయంత్రానికి ఒకరి ఫోన్ ఒకరు దొంగచాటుగా తెరిచి చూసుకునే మనుషులు ఆ రెండింట్లోనూ లేరు.

ఒకసారి ఒక పోటీకి వచ్చిన రచనలను తొలి వడపోత చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏ పోటీ అనేది ఇక్కడ అనవసరం. అందులో ఒక నవలిక వచ్చింది. ఫ్లాట్‌లో ఇద్దరు మగవాళ్లు ఉంటారు. ఒకతను తన భాగస్వామి మాటలన్నీ రికార్డు చేసి ఒక యంత్రానికి నేర్పుతాడు. గొడవైన ప్రతి రాత్రీ ఆ యంత్రంతో మాట్లాడతాడు, అది ఎదురు చెప్పదు కాబట్టి. కొన్నాళ్లకు బతికున్న మనిషి గొంతు విన్నప్పుడే అతనికి పరాయి గొంతులా ఉంటుంది. భాషలో తడబాటు ఉంది, మధ్యలో సాగదీత ఉంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాన్ని పక్కన పెట్టడానికి రెండు కారణాలు చెప్పారు. సందేశం లేదని ఒకరు. అలాంటివాళ్లను చెడ్డగా చూపిస్తోంది, గొడవలొస్తాయని ఇంకొకరు. మొదటి ఆయనకు వాళ్ల మీద ప్రేమ లేదు, రెండో ఆవిడకు ఉంది. నవలిక మాత్రం ఒకే బుట్టలోకి వెళ్లింది.

భయపెట్టే సరుకు మా పాఠకులకు పడదు అంటారా? యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసిన పాఠకులే కదా మీ పాఠకులు. ఒక ఇంట్లో పసిపిల్లకు అంతుపట్టని జబ్బు, ఒకపక్క డాక్టర్లు, ఒకపక్క చేతబడి. మధ్యతరగతి కుటుంబాలు రాత్రి లైటు తీయడానికి భయపడుతూ చదివాయి. ఇంట్లో మనిషి ఒళ్లు తన చేతుల్లోంచి జారిపోతుంటే ఏం చేయాలో తెలియని భయం మన పాఠకులకు కొత్తేమీ కాదు. ఆ ఇంట్లో ఉన్నది భార్యాభర్తలా భార్యాభార్యలా అన్నదొక్కటే తేడా.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మామూలు కాపురంలో మొగుడు కొడితే ఆ గుట్టు బయటపెట్టడానికి పుట్టింటివాళ్లో పక్కింటావిడో ఉంటారు. ఇద్దరు ఆడవాళ్ల ఇంట్లో ఒకరు చెయ్యి చేసుకుంటే, దెబ్బ గురించి చెప్పేముందు అసలు అది కాపురమని చెప్పుకోవాలి. దెబ్బ కన్నా ఆ మొదటి మాట ఖరీదెక్కువ. అమెరికన్ రచయిత్రి కార్మెన్ మరియా మచాదో తన ప్రియురాలి చేతిలో పడిన హింసను 2019లో ‘ఇన్ ద డ్రీమ్ హౌస్’గా రాసినప్పుడు ఒక్కో చిన్న అధ్యాయాన్ని ఒక్కో కథారీతిలో నడిపింది. అందులో దయ్యాల కొంప ఉంది, జానపద కథ ఉంది, సైన్స్ ఫిక్షన్ కూడా ఉంది. అది ఆత్మకథ. జరిగింది జరిగినట్టు చెప్పడానికి కూడా ఆమెకు దయ్యాల కొంప కావలసి వచ్చింది. మన గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది. ప్రతివాది మగవాడే అయి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది. ఇద్దరు ఆడవాళ్ల కాపురం ‘వివాహం లాంటి సంబంధం’ కిందికి వస్తుందా అంటే చట్టంలో సూటిగా జవాబు లేదు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377 కోరలు పీకిన సుప్రీంకోర్టే, 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు ఇవ్వలేమంది.

అయినా న్యాయస్థానాలు మనకన్నా ముందున్నాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కలిసి బతకాలనుకున్న ఇద్దరు వయసొచ్చిన యువతుల మధ్యకు తల్లిదండ్రులు రాకూడదని చెప్పింది. 2025 జూన్‌లో అదే హైకోర్టు, మగవాణ్ని పెళ్లి చేసుకున్న ట్రాన్స్ మహిళ కూడా భర్త వేధింపులపై 498-ఎ కింద కేసు పెట్టవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుకు రెండో సగం కూడా ఉంది. హక్కు ఉందన్న న్యాయమూర్తే, ఈ ఫిర్యాదులో నిర్దిష్టమైన ఆధారాలు లేవంటూ ఆ కేసును కొట్టేశారు. ఆమెను అందరు భార్యల్లాగే చూడటమంటే ఇదే. గెలిచే హక్కు ఇచ్చారు, ఓడిపోయే వీలూ ఉంచారు. తెలుగు నవల ఇంకా మొదటి సగం దగ్గరే నిలబడి ఉంది.

నేను మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలు కావు. సందేశం గురించిన ఆ వాక్యాన్ని తీసేయండి. సందేశం ఉన్న రచనలు దాని సాయం లేకుండానే వస్తాయి. నవలికకు చోటివ్వండి. మాసపత్రికతో పాటు ఒక నవలను పాఠకుడి చేతిలో పెట్టే సంప్రదాయం మనకు ఎటూ ఉంది, ఒకటి రెండు నెలలు ఆ పేజీలు ఇలాంటి రచనకు వదలండి. ప్రచురణకర్తలు ఆర్మ్‌ఫీల్డ్ పుస్తకానికి తెలుగు హక్కులు అడిగి చూడండి. సముద్రం ఒడ్డున ఇంత పొడవునా బతికేవాళ్లం, ఆ పుస్తకం మనకు దూరం కాదు. అచ్చువేసినప్పుడు పక్కనే మానసిక వైద్యుల సలహాలతో బాక్సు ఐటమ్ పెట్టకండి. బొమ్మలు వేసే ఆర్టిస్టుకు ముందే చెప్పండి, ఇంద్రధనుస్సు వద్దని.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. నిబంధనల్లో ఫొటో, అసలు పేరు, చిరునామా అడుగుతారే, అక్కడ ఆగిపోయేవాళ్లు ఉన్నారు. ఇంట్లో తెలియనివాళ్లు, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియనివాళ్లు, తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఒకే గది అద్దెకు తీసుకుని ‘మా కజిన్’ అని ఓనర్‌కు చెప్పుకున్నవాళ్లు. కలం పేరు చాలు, వివరాలు మా దగ్గరే ఉంటాయి, అచ్చులో వేయం అని ఒక్క ముక్క చేర్చండి. ఇలాంటివి ఎవరూ రాయడం లేదు కాబట్టే వేయడం లేదని మీరు అంటున్నది ఎంతవరకు నిజమో వచ్చే పోటీకే తెలిసిపోతుంది.

ఇట్లు
మీ పత్రికల పాఠకురాలు